రెండు నోడ్లకూ ఒకే ఆయుష్షు

రెండు సర్వర్ల క్లస్టర్‌లో ఒక నోడ్, అంటే ఒక సర్వర్, పడిపోతే నేను పెద్దగా కంగారుపడను. రెండోది ఉన్నదే అందుకు. ఆ రాత్రి మాత్రం రెండోది పని అందుకున్న కాసేపటికే కెర్నల్ పానిక్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే కుప్పకూలి, నిలిచిపోయింది.

అందరి అనుమానం ఒక నోడ్ పడితే పనిని రెండోదానికి మార్చే పేస్‌మేకర్ మీదికే పోయింది. క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌కు ఉన్న శాపం ఇదే: చావు కబురు తెచ్చినవాడే హంతకుడంటారు. నోడ్ల మధ్య కబుర్లు మోసే కోరోసింక్ లాగ్‌లో, బతికున్నామని నోడ్లు చేతులు మార్చుకునే టోకెన్ రాలేదన్న ఫిర్యాదు తప్ప ఏమీ లేదు. చచ్చిన నోడ్ టోకెన్ ఎలా పంపుతుంది? నెట్‌వర్క్, ఫెన్సింగ్ (చెడిన నోడ్‌ను బలవంతంగా వేరుచేసే ఏర్పాటు) అన్నీ తిరగేశాక, కూలినప్పుడు కేడంప్ దాచిన మెమరీ నకలు, వీఎంకోర్, తెరిచాను. ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్‌లో సున్నాతో భాగహారం! అంతకన్నా నన్ను ఆపింది పైనున్న అప్‌టైమ్, అంటే రీబూట్ నుంచి నడిచిన కాలం. రెండింటిలోనూ 208 రోజులు.

అవి నడిపేది పాత లినక్స్ 2.6.32 కెర్నల్. ప్రాసెసర్‌లోని టీఎస్‌సీ అనే కౌంటర్ లెక్కను నానోసెకన్లలోకి మార్చడానికి అది ముందు గుణించి, తర్వాత 10 బిట్లు కుడికి జరుపుతుంది. సమయం 2 ఘాతం 54 నానోసెకన్లకు, అంటే దాదాపు 208.5 రోజులకు చేరేసరికి, మధ్యలో వచ్చే లబ్ధం 64 బిట్లలో పట్టదు. షెడ్యూలర్ గడియారం ఉన్నట్టుండి వెనక్కి దూకుతుంది. ఆపై దాని లెక్కలకు అర్థమే ఉండదు.

గత ప్యాచింగ్‌లో రెండు నోడ్లనూ వెంటవెంటనే రీబూట్ చేశారు. అందుకే వాటి గడువూ కలిసే తీరింది. హార్డ్‌వేర్ చెడితే జంట నోడ్ కాపాడుతుంది, ఒకే కెర్నల్‌కు ఒకే వయసుంటే కాపాడదు.

సరిచేసిన కెర్నల్ వేశాం. ఇకపై రీబూట్ల మధ్య రెండు వారాల ఎడం కావాలన్నాను. భద్రతా బృందం ససేమిరా అంది. బేరం మూడు రోజుల దగ్గర తెగింది.