నికో అంటే నాకెందుకు పడదు

మొన్న శుక్రవారం మా గదిలో నేపాలీ కుర్రాడు అన్న మాట నాకింకా అరగలేదు. వాడు కువైట్‌లో మా కఫీల్, అంటే మా యజమాని, ఇంట్లో వంటవాడు, నేను డ్రైవర్‌ని, గేటు పక్కన ఇద్దరికీ కలిపి ఒకటే గది. సెలవు పూట పాత ప్లేస్టేషన్‌లో జీటీఏ అనే వీడియో గేమ్ ఆడుకుంటూ, దాని ఒక్కో భాగానికి ఉన్న హీరోల్లో ఎవడు గొప్ప అని వాదన పెట్టుకున్నాం.

నా ఓటు శాన్ ఆండ్రియాస్ భాగం హీరో సీజేకే. అంతకుముందు భాగం వైస్ సిటీలో హీరో టామీ అంటే కూడా ప్రాణమే, రాజోలు నెట్ సెంటర్లో గంటకు 10 రూపాయలిచ్చి ఆడిన రోజులవి, కానీ ఆ మహానుభావుడికి ఈత రాదు. ఊరంతా గడగడలాడించి, కాలుజారి నీళ్లలో పడితే చస్తాడు. గేదె తోక పట్టుకుని కాలవలో ఈత నేర్చినవాళ్లం, మాకెంత నామోషీ! 2004లో శాన్ ఆండ్రియాస్ వచ్చింది, సీజే దూకి ఈదాడు, అంతే, మావాడైపోయాడు. పైగా ఐదేళ్లు వేరే ఊళ్లో ఉండి, అమ్మ పోయిందంటే ఇంటికొస్తాడు. అప్పట్లో ఆ సీన్ స్కిప్ కొట్టేవాణ్ణి. ఇప్పుడు కొట్టను.

అస్సలు పడనివాడు నికో. 2008లో వచ్చిన నాలుగో భాగం హీరో. కజిన్ రోమన్ పెద్ద బంగళా, స్పోర్ట్స్ కార్లు అని మెయిళ్లు రాస్తే నమ్మి ఓడ దిగుతాడు. తీరా చూస్తే ఇరుకు గది, చిన్న ట్యాక్సీ ఆఫీసు, పీకల దాకా జూదం అప్పులు. నికో మొహం ఎప్పుడూ ముసురు పట్టినట్టే, మలుపు తిప్పితే కారు పడవలా ఊగుతుంది, అని ఇంకా ఏదేదో తిట్టాను.

నేపాలీ కుర్రాడు తలెత్తకుండానే, "భాయ్, నీకు కోపం నికో మీద కాదు. నువ్వు రోమన్‌వి" అన్నాడు.

అరగంట ముందు కఫీల్ ల్యాండ్ క్రూయిజర్ పక్కన నిలబడి పిన్ని కొడుకుతో వీడియో కాల్ మాట్లాడాను. కిటికీలోంచి చూశాడన్నమాట.

బండి నాదని నేనెప్పుడూ అనలేదండి. పక్కన నిలబడ్డానంతే, మీరూ నిలబడే ఉంటారు. సంక్రాంతికి వెళ్తే జగ్గన్నతోట తీర్థంలో ఆ తమ్ముడికీ, వాడి ఫ్రెండ్స్‌కీ జీళ్ల దగ్గర్నించి అన్నీ నేనే కొనాలి, లేకపోతే కువైట్ వెళ్లి ఏం సంపాదించాడ్రా అంటారు. ఇది వీసా అప్పుకి వడ్డీ కట్టగా మిగిలిన డబ్బర్రా అని అక్కడ చెప్పుకుంటామా? రోమన్ అచ్చంగా అబద్ధాలు రాశాడు, నేను రాయలేదు. చెప్పాల్సింది చెప్పలేదు, అంతే. ఈ నేపాలీవాడు మాత్రం వాళ్లమ్మకి ఈ గది చూపిస్తాడా?

చూపిస్తాడు. నేనే చూశాను, మంచం, గిన్నెలు, తాడు మీద ఆరేసిన నా లుంగీతో సహా ఫోన్ తిప్పి తిప్పి చూపిస్తాడు. నాకు మండింది అదే.

నికో కూడా అంతే కదా. ఆ గది చూసి రెండు మాటలంటాడు, తర్వాత అక్కడే ఉండిపోయి రోమన్ ట్యాక్సీయే తోలతాడు. చెడామడా తిట్టి వెనక్కి పోయుంటే నాకు నచ్చేవాడేమో.

నిన్న తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. లైసెన్స్ వచ్చిందట, వీసా చూడమన్నాడు. "అన్నయ్యా, ఓసారి నీ రూమ్ చూపించు" అన్నాడు. కెమెరా తిప్పబోయి, నెట్ సరిగా రావట్లేదురా అన్నాను.