గోడ మీద ఆపడం తేలిక

గోడల మీద స్ప్రే రంగుతో రాసే గ్రాఫిటీ నుంచి నైరూప్య చిత్రాలకు మారడమంటే స్ప్రే డబ్బా పక్కన పెట్టి కుంచె పట్టుకోవడమే అని చాలామంది అనుకుంటారు. నేను డబ్బాను వదలలేదు. ఇప్పటికీ నా కాన్వాసుల మీద సగం పని దానిదే. కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది మరొకటి: ఎక్కడ ఆపాలన్నది. గోడ మీద ఆ నిర్ణయం నా చేతిలో ఉండేది కాదు. చీకటి పడేది, రంగు అయిపోయేది, అనుమతి ఉన్నచోట గడువు ముగిసేది, లేనిచోట ఎవరో ఒకరు కేకేసేవారు. స్టూడియోలో ఆ బెడద లేదు. తలుపు వేసుకుని తెల్లవార్లూ దిద్దుకుంటూ కూర్చోవచ్చు. అలా దిద్దిన నా తొలి కాన్వాసులన్నీ చివరికి ఒకే బురద రంగుకు చేరాయి.

డబ్బాకు కూడా తనదైన ఆపే పద్ధతి ఉంది. అందులో ఒత్తిడికి ద్రవంగా మారిన వాయువు ఉంటుంది. అది ఆవిరవుతూ రంగును బయటికి తోస్తుంది. వేలు తీయకుండా నొక్కుతూ పోతే ఆ ఆవిరి డబ్బాలోని వేడిని లాగేస్తుంది. డబ్బా చల్లబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, నిండుగా వచ్చే గీత కాస్తా తుంపరలుగా చిట్లుతుంది. అప్పుడు ఆగి, డబ్బాను ఆడిస్తూ, లోపల గోళీ టకటకలాడుతుండగా అంతవరకు వేసిందేమిటో చూసుకోక తప్పదు. గోడ దగ్గర నేను ఆలోచించిందంతా ఆ టకటకల మధ్యనే. స్టూడియోలో పక్కనే మరో నిండు డబ్బా ఉంటుంది కాబట్టి ఆ విరామం పోయింది. ఏం పోయిందో తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

అక్షరం సంగతికి వస్తాను. గ్రాఫిటీ అంటే ముందు పేరు. 1971లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక టాకీ 183 అనే సంతకం గురించి రాసింది. ఆ కుర్రవాడి ముద్దుపేరు, అతను ఉండే వీధి సంఖ్య, అంతే. ఊరంతా కనిపించిన ఆ సంతకంలో కళ ఎంత అని అడిగితే నేను చెప్పలేను కానీ, చెయ్యి తిరగడమంటే ఏమిటో నాకు నేర్పింది అలాంటి సంతకాలే. ఒకే పేరును వేలసార్లు రాస్తే అది పేరుగా మిగలదు. భుజం ఒక వంపుకు అలవాటు పడుతుంది, కాళ్లు ఒక అడుగు పక్కకు వేయడం నేర్చుకుంటాయి. వైల్డ్‌స్టైల్ అనే గ్రాఫిటీ శైలిలో రాసేవాళ్లు అక్షరాలను ఎంతగా మెలితిప్పుతారంటే బయటివాళ్లు ఒక్క ముక్క కూడా చదవలేరు. 1980లో ఫ్యూచురా 2000 అనే గ్రాఫిటీ కళాకారుడు న్యూయార్క్ రైలు పెట్టె మీద వేసిన ‘బ్రేక్’లో పేరు వెనక్కి తగ్గి, రంగు మబ్బులే పెట్టె పొడవునా పరుచుకున్నాయి. అందుకే గ్రాఫిటీ వదిలి నైరూప్యానికి ‘ఎదిగారు’ అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎదిగింది ఏమీ లేదు, నైరూప్యం మొదటినుంచీ అక్కడే ఉంది.

అయితే ఆ చేతిని కాన్వాస్ మీదికి తేవడం మాత్రం మాటలు కాదు. డబ్బా మీద రంగు చిమ్మేచోట వెడల్పు క్యాప్ పెట్టి చెయ్యి చాచి గీస్తే పడే గీత అరచేతి కంటే వెడల్పు. చిన్న కాన్వాస్ మీద ఆ గీత ఒక్కటే పడితే మిగతాదానికి చోటు ఉండదు. సన్న క్యాప్ పెట్టి మణికట్టుతో గీస్తే పట్టేది కానీ, అది నా గీతలా ఉండేది కాదు, నా గీతను ఎవరో కాపీ చేసినట్టుండేది. పైగా చట్రానికి బిగించిన గుడ్డ మీద రోలర్ నొక్కితే వెనకున్న చెక్క అంచు పైకి గీతలా తేలుతుంది. చుట్టూ సన్నటి పెట్టె గీసినట్టు కనిపించే ఆ గుర్తును తర్వాత ఎంత పూసినా దాచలేం.

చివరికి చట్రం బిగించడం మానేశాను. కావలసినదానికంటే చాలా పెద్ద గుడ్డను నేరుగా స్టూడియో గోడకు పిన్నులు కొట్టి, జెస్సో అనే తెల్లటి అడుగు పూత పూసి, దాన్ని గోడగానే చూడటం మొదలుపెట్టాను. భుజంతోనే గీశాను, పేరే రాశాను. ఆరాక ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలను చట్రంలా పట్టుకుని దాని మీద జరుపుకుంటూ వెళ్లేవాణ్ణి. ఒకచోట అక్షరం మొత్తం దొరికేది, అది వద్దు. కాస్త పక్కకు జరిపితే ఒక వంపు లోపలి భాగం, దాని కింద కారిన రంగు, పక్క అక్షరం మొదలు కాబోయి ఆగిన చోటు. ఏ అక్షరమో నాకు తెలుసు, చూసేవారికి తెలియనక్కర్లేదు. కానీ ఆ వంపు ఎక్కడికో వెళ్తోందన్న సంగతి వాళ్లకూ తెలుస్తుంది. అంతవరకే కత్తిరించి, అప్పుడు చట్రానికి బిగించేవాణ్ణి.

సామగ్రి గురించి నాలుగు మాటలు, ఎందుకంటే ఈ దారిలో వచ్చేవారు ఎక్కువగా ఇక్కడే డబ్బు తగలేస్తారు. మామూలు స్ప్రే రంగు ద్రావకంతో కలిపిన ఎనామిల్ జాతిది. అక్రిలిక్ నీటిది. అక్రిలిక్ ఆరాక దాని మీద స్ప్రే కొడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. నిగనిగలాడే ఎనామిల్ మీద అక్రిలిక్ పూస్తే పైకి బాగానే ఆరినట్టుంటుంది కానీ లోపల పట్టు ఉండదు. కొన్ని వారాలు ఆగి ఒక మూల మాస్కింగ్ టేపు అంటించి లాగి చూశాను. నీలం పొర మొత్తం పాము కుబుసంలా లేచి వచ్చింది, కింద స్ప్రే గీత చెక్కుచెదరకుండా మెరుస్తోంది. అప్పటి నుంచి ప్రతి కొత్త జోడీని ముందు ఒక పీలిక మీద వేసి, టేపుతో లాగి, గోటితో గీకి చూడకుండా కాన్వాస్ దగ్గరికి వెళ్లను. ఎనామిల్ సగం ఆరినప్పుడు మళ్లీ స్ప్రే కొడితే కింది పొర ముడతలు పడుతుందన్నది ఇంకొకటి. ఈ ముడతలను కొందరు కావాలనే తెచ్చుకుంటారు, నాకు నచ్చవు. ఇక మాస్క్: దుమ్ముకు వాడేది ద్రావకాల ఆవిరిని ఆపదు. దానికి తగిన కార్ట్రిడ్జ్, అంటే ఆవిరిని పట్టే వడపోత డబ్బీ, ఉన్నదే కావాలి, గాలి కూడా ఆడాలి. ఆరుబయట పనిచేసి వచ్చినవాళ్లం కాబట్టి ఈ మాట మా చెవికి ఎక్కదు.

ఇంత జరిగినా ఆపడం మాత్రం రాలేదు. దారి చూపింది నా శత్రువే. గ్రాఫిటీ చెరిపేవాళ్ల పనిని బఫ్ అంటారు. ఎవరో రోలర్‌తో వచ్చి రాత మీద బూడిద రంగు పూసి పోతారు. గోడ రంగుకు దగ్గరగా ఉంటుంది కానీ సరిగ్గా అదే కాదు. ఒక్కోసారి రాత ఉన్నంత మేర మాత్రమే పూస్తారు కాబట్టి ఆ మచ్చ రాత ఆకారంలోనే ఉంటుంది. మర్నాడు దాని మీద ఇంకొకరు రాస్తారు, దాన్నీ కప్పేస్తారు, ఈసారి ఇంకో బూడిద రంగుతో. కొంతకాలానికి అక్కడ ఎవరూ గీయని ఒక చిత్రం తయారవుతుంది. ఇన్నేళ్లూ దాని మీద కోపంతోనే నడిచాను, చూడలేదు.

బఫ్ వల్ల జరిగే నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. న్యూయార్క్‌లో గ్రాఫిటీతో నిండిన 5 పాయింట్జ్ అనే భవనం గోడలను 2013లో యజమాని రాత్రికి రాత్రి తెల్లగా పూయించాడు. 2018లో న్యాయస్థానం 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. అయినా స్టూడియోలో ఆ రోలర్‌ను నా చేతిలోకి తీసుకున్నాక పని నడిచింది. ఒక కాన్వాస్‌కు కావలసిన డబ్బాలు ముందే ఎంచి పెట్టుకుంటాను. చల్లబడిన డబ్బాను పక్కన పెట్టి, అది మళ్లీ మామూలు వేడికి వచ్చేదాకా మరోటి తీయను. ఆ సమయంలో రోలర్ పని: ఏది ఎక్కువైందో దాన్ని కప్పడం. తెలుపులో కొంచెం నలుపు, చిటికెడు కాలిన మట్టి రంగు కలిపి, చిత్రం వెనకున్న రంగుకు దగ్గరగా, కానీ దొరికిపోయేలా ఒక బూడిద కలుపుతాను. ఎనామిల్ మీద పూసేది కాబట్టి అది కూడా ఎనామిలే. కప్పుతూ కప్పుతూ, ఇంకా చూడాలనిపించే చోటికి రోలర్ వస్తే అక్కడ చెయ్యి దానంతటదే ఆగుతుంది. మిగిలిన డబ్బాలు నిండుగా ఉన్నా సరే, ఆ చిత్రం అయిపోయినట్టే.

తొలి ప్రదర్శనకు ముందు గ్యాలరీవాళ్లు కొన్ని కోరికలు కోరారు. కనీసం ఒక్క కాన్వాస్‌లోనైనా అక్షరం చదవగలిగేలా ఉంచమన్నారు, ‘వీధి’ కనబడాలట. కుదరదన్నాను. బొమ్మకు ఒక మూలన సంతకం చేయమన్నారు. బొమ్మంతా సంతకమే, దాని మీద ఇంకో సంతకం ఎందుకని వెనక వైపు చేసి ఇచ్చాను. మూడో మాట పరిచయ వ్యాసంలో దొర్లింది: వీధుల్లోంచి గ్యాలరీ దాకా అంటూ కన్నీటి కథ. దాన్ని కొట్టేయించడానికి పట్టిన వాదనతో ఇంకో కాన్వాస్ వేసుకోవచ్చు.

వాళ్లు అడిగినవాటిలో సరేనన్నది ఒకటే, లోపలి గోడ మీద నేరుగా ఒక చిత్రం వేయడం. ప్రదర్శన అయ్యాక దాన్ని వాళ్ల పెయింటరే కప్పాలని, నన్ను చూడనివ్వాలని షరతు పెట్టాను. ఏ బూడిద కలుపుతాడో, రోలర్ ఎక్కడ ఆపుతాడో చూసి నేర్చుకుందామని ఆశ. అతను గోడంతా సాండ్‌పేపర్ పట్టి, ప్రైమర్ వేసి, పై నుంచి కింద దాకా తెల్లగా పూశాడు. ఎక్కడా అంచు లేదు, మచ్చ లేదు. ఇంత చక్కగా పనిచేస్తే మాలాంటివాళ్లం ఎలా బతకాలని అడిగితే, పక్క గది కూడా ఉందంటూ నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు.