కరెంటు లేని చోట మిర్రర్‌లెస్ కెమెరా: బ్యాటరీలతో నా అనుభవం

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాడినన్నాళ్లూ బ్యాటరీ గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. రాత్రి ఛార్జింగ్ పెట్టడం, పొద్దున తీసి కెమెరాలో వేసుకోవడం, అంతే. పక్షుల ఫోటోల కోసం ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారాక లెక్కంతా తారుమారైంది. తెల్లవారకముందే వెళ్లి మాటులో కూర్చుంటే, ఎండ ముదరకుండానే బ్యాటరీ గుర్తు ఎర్రబడేది. పైగా నేను వెళ్లే చోట్ల వరసగా కొన్ని రోజులు కరెంటు ఉండదు. అందుకే కూర్చుని దీన్ని మొదటి నుంచీ అర్థం చేసుకోవాలనుకున్నాను.

ముందు ఈ తేడా ఎందుకో చూశాను. నికాన్ డీ850, జడ్7 అనే రెండు కెమెరాలున్నాయి. మొదటిది డీఎస్‌ఎల్‌ఆర్, రెండోది మిర్రర్‌లెస్. రెండింట్లోనూ దాదాపు ఒకేరకం బ్యాటరీ, సామర్థ్యం కూడా అదే, 1900 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత). కానీ ఒకసారి ఛార్జ్ చేస్తే డీ850కి 1840 ఫోటోలని, జడ్7కి 330 ఫోటోలని కంపెనీయే చెప్పింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో మనం చూసేది అద్దం మీద పడి వచ్చే వెలుతురు. బటన్ నొక్కేదాకా, వెలుతురుని ఫోటోగా మార్చే సెన్సర్‌కి పనే లేదు. మిర్రర్‌లెస్‌లో మనం వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తున్నంతసేపూ సెన్సర్, ప్రాసెసర్, లోపలి చిన్న తెర, మూడూ పనిచేస్తూనే ఉంటాయి. ఒక్క ఫోటో తీయకపోయినా బ్యాటరీ దిగుతూనే ఉంటుంది.

ఈ ఫోటోల లెక్క కూడా సీఐపీఏ అనే జపాన్ సంస్థ పెట్టిన పద్ధతిలో తేల్చేది. 30 సెకన్లకో ఫోటో, ఫ్లాష్ ఉంటే ఫోటో విడిచి ఫోటోకి ఫ్లాష్, ప్రతి పది ఫోటోలకీ కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేయడం. పక్షుల ఫోటోలు ఎవరూ అలా తీయరు. గువ్వ ఎగిరిన క్షణంలో బర్స్ట్‌లో, అంటే బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా, వందల ఫోటోలు పడతాయి, ఆ తర్వాత గంటసేపు ఒక్కటీ ఉండదు. రెండు కెమెరాలను పోల్చి చూడ్డానికి ఆ అంకె బాగానే పనికొస్తుంది, మన రోజు గడుస్తుందా లేదా అన్నది మాత్రం అది చెప్పదు. నేను గంటల్లో కొలవడం మొదలుపెట్టాను. నిండు బ్యాటరీ వేసి, నా అలవాటు ప్రకారమే వాడుతూ, ఎంతసేపటికి ఖాళీ అయిందో రాసుకున్నాను. కాస్త అటూ ఇటూగా మూడు గంటలు. పొద్దునపూట నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు అనుకుంటే రోజుకి రెండు బ్యాటరీలు. చలికీ, అనుకోని అవసరానికీ ఇంకొకటి. ఈ లెక్క తేలాక సగం దిగులు తీరింది.

తర్వాత సెట్టింగ్స్. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దొరికింది. కెమెరాని మెడలో వేసుకుని నడుస్తుంటే దాని వెనకభాగం మన ఛాతీకి ఆనుకుని ఉంటుంది కదా. వ్యూఫైండర్ దగ్గరుండే కంటి సెన్సర్‌కి మన చొక్కా కూడా కన్నులాగే కనిపిస్తుంది. అంటే నడిచినంతసేపూ వ్యూఫైండర్ వెలుగుతూనే ఉంటుందన్నమాట! ఒకరోజు కెమెరాని ఛాతీ మీంచి కొద్దిగా ఎత్తి వంగి చూస్తే, లోపల తెర దేదీప్యమానంగా వెలుగుతోంది. అప్పట్నుంచి నడిచేటప్పుడు స్విచ్ ఆపేస్తున్నాను. ఆన్ చేస్తే సిద్ధం కావడానికి సెకను కూడా పట్టదు. బటన్ ముట్టకముందే ఫోకస్ వెతుకుతూ ఉండే ఆప్షన్‌ని, తీసిన ఫోటోని వెంటనే తెర మీద చూపించే ఆప్షన్‌ని ఆపేశాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాను, ఎందుకంటే కొన్ని కెమెరాలు స్విచ్ ఆపినా ఫోన్‌తో బ్లూటూత్ లంకె వదలవు. వ్యూఫైండర్ వేగాన్ని, అంటే లోపలి తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో దాన్ని, మాత్రం తగ్గించలేదు. ఎగిరే పక్షిని వెంబడించాలంటే అది కావాలి. బ్యాటరీ కోసం ఫోటో పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

ఇక ఛార్జింగ్. కెమెరాకి టైప్ సి పోర్ట్ ఉందంటే ఏ ఛార్జర్ అయినా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కేబుల్ మధ్యలో పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ ఒకటి తెచ్చి చూశాను. పాత ఫోన్ ఛార్జర్‌కి ఏ టు సి కేబుల్ (ఒక కొస పాత వెడల్పాటి యూఎస్‌బీ, రెండో కొస టైప్ సి) తగిలిస్తే 5 వోల్టులు, అర ఆంపియర్. అంటే 2.5 వాట్లు. నా బ్యాటరీ 16 వాట్ అవర్లది (గంటసేపు 16 వాట్లు ఇవ్వగలదన్నమాట), ఆ లెక్కన నిండడానికి ఆరేడు గంటలు. అదే పవర్ డెలివరీ ఛార్జర్‌కి (పరికరంతో మాట్లాడుకుని ఎక్కువ వోల్టేజి ఇచ్చే రకం) సి టు సి కేబుల్ పెట్టగానే మీటర్ మీద 9 వోల్టులు కనిపించాయి, ఛార్జింగ్ పరుగందుకుంది. కొన్ని కెమెరాలైతే పవర్ డెలివరీ లేని ఛార్జర్‌ని అసలు పట్టించుకోవు, లైటే వెలగదు. ఇంకో సంగతి, ఛార్జ్ కావడం వేరు, కరెంటు మీద నడవడం వేరు. కొన్ని మోడళ్లు ఆఫ్‌లో ఉన్నప్పుడే ఛార్జ్ అవుతాయి, ఆన్ చేస్తే బయటి కరెంటు తీసుకోవు. కొనేముందు మాన్యువల్‌లో ఈ రెండూ విడివిడిగా చూసుకోవాలి.

పవర్ బ్యాంక్ దగ్గర ఎంఏహెచ్ లెక్క భలే తికమక పెడుతుంది. 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, 2280 ఎంఏహెచ్ కెమెరా బ్యాటరీ. భాగిస్తే దాదాపు తొమ్మిదిసార్లు నిండాలి. నిండదు. పవర్ బ్యాంక్ మీది అంకె 3.7 వోల్టుల దగ్గరది. కెమెరా బ్యాటరీలో రెండు సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి అది 7 వోల్టుల పైచిలుకు. అందుకే వాట్ అవర్లలోకి మార్చి చూడాలి. 20 ఆంపియర్ అవర్లని 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు. వోల్టేజి మార్పిడిలో, వేడిలో పోయింది పోగా కెమెరా బ్యాటరీలోకి చేరేది 45 నుంచి 50. అంటే మూడు బ్యాటరీలు, అంతే. ఇది తెలిశాకే ఎన్ని రోజులకి ఎంత మోసుకెళ్లాలో కుదిరింది. విమానంలో అయితే పవర్ బ్యాంక్, స్పేర్ బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, మామూలుగా ఒక్కొక్కటి 100 వాట్ అవర్లు దాటకూడదు. 74 అయితే ఇబ్బంది లేదు.

లిథియం అయాన్ బ్యాటరీ ముందు గబగబా నిండుతుంది, చివరి ఐదో వంతు మాత్రం నింపాదిగా ఎక్కుతుంది. కాబట్టి మధ్యాహ్నం విరామంలో దేన్నీ నూరు శాతానికి లాగను. ఒకటి ఎనభై దాకా రాగానే తీసి రెండోది పెడతాను. అదే సమయంలో ఎక్కువ కరెంటు చేతికొస్తుంది.

చవక బ్యాటరీ ఒకటి కొన్నాను, వేరే కంపెనీది. పైన అంకె ఒరిజినల్ కన్నా ఎక్కువే వేశారు, చేతిలో పట్టుకుంటే మాత్రం తేలిగ్గా ఉంది. త్వరగా దిగిపోవడం సరే, కొన్ని నెలలకి ఉబ్బి కెమెరాలో ఇరుక్కుంది. గోళ్లతో అంచు పట్టుకుని, నెమ్మదిగా అటూ ఇటూ కదిలిస్తూ బయటికి తీశాను. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వాలి. పోయింది డబ్బు మాత్రమే, కెమెరాకి ఏమీ కాలేదు. ఇలాంటి బ్యాటరీలు అన్నీ చెడ్డవని అనను, కానీ చేతిలో లక్షణమైన కెమెరా ఉన్నప్పుడు ఆ పందెం నేను కాయను.

చలి తెల్లవారుజాముల్లో స్పేర్ బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో ఉంటాయి. చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, ఇరవై శాతం చూపిస్తూనే కెమెరా ఆగిపోవచ్చు. అలా ఆగినదాన్ని ఒంటి వెచ్చదనానికి కాసేపు ఉంచి మళ్లీ వేస్తే ఇంకొంచెంసేపు నడుస్తుంది. ఎందుకూ పనికిరాదని పక్కన పడేయొద్దు.

రాత్రంతా నక్షత్రాల టైమ్‌లాప్స్ (కొద్దికొద్దిసేపటికి ఒక్కో ఫోటో తీసి వీడియోగా కలిపేది) తీసేటప్పుడు డమ్మీ బ్యాటరీ వాడతాను. బ్యాటరీ ఆకారంలోనే ఉండే ప్లాస్టిక్ డబ్బా అది, దాని వైరు బ్యాటరీ మూతలో ఉండే చిన్న రబ్బరు కంతలోంచి బయటికొచ్చి పవర్ బ్యాంక్‌కి వెళ్తుంది. వైరు బరువు కెమెరాని లాగకుండా ట్రైపాడ్ కాలికి కట్టేయాలి. కెమెరా మరీ తక్కువ కరెంటు తీసుకుంటుంటే, ఏమీ తగిలించలేదనుకుని కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ఇంట్లో రాత్రంతా నడిపి చూసుకున్నాకే బయటికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు నా సంచిలో మూడు ఒరిజినల్ బ్యాటరీలు, ఒక పవర్ బ్యాంక్, రెండు సి టు సి కేబుళ్లు ఉంటున్నాయి. బ్యాటరీల మీద ఒకటి, రెండు, మూడు అని రాసుకున్నాను. ఏది ముందు ముసలిదవుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇంకో పవర్ బ్యాంక్ కొనమని స్నేహితులు అంటున్నారు, నేను మాత్రం నాలుగో బ్యాటరీ వైపే మొగ్గుతున్నాను. పక్షి కొమ్మ మీద ఉండగా బ్యాటరీ మార్చడానికి పది సెకన్లు చాలు, పవర్ బ్యాంక్ తగిలించి కూర్చుంటే అరగంటైనా కావాలి.