బావి నీళ్ళ లెక్క కోసం లైబ్రరీకి వెళ్తే

మాది కవిటి మండలం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకి మా ఉద్దానం బావుల నీళ్ళే తీసుకుంటానని గైడ్ మేడమ్‌తో చెప్పాను. మా మేనమామ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి సోంపేట వెళ్తాడు. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఇంకో టాపిక్ మీదికి మనసెలా పోతుంది? మా ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు రావడానికి కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. నేను తేలుస్తాననీ అనుకోలేదు. మా నీళ్ళలో ఏముందో సరిగ్గా కొలిచి రాయాలి, అంతే.

శాంపిళ్ళు తేవడం, ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేషన్ చేసి కాఠిన్యం (నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంత ఉన్నాయన్నది) లెక్కకట్టడం ఒక నెలలో అయిపోయాయి. రాయడం దగ్గరే ఆగిపోయాను. హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్‌లో ఏ పరిశోధన పేపర్ తెరిచినా సారాంశం దాకా చూపించి, మిగతాది కావాలంటే 35 డాలర్లో 40 డాలర్లో కట్టమనేది. జీడి తోటలో రోజు కూలి ఎంతో తెలిసిన ఇంటి పిల్లని. ఆ అంకె చూసి ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. రెండు వారాలు అలాగే గడిచాయి. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టేది కాదు.

అప్పటిదాకా లైబ్రరీ అంటే పరీక్షల ముందు ఫ్యాన్ కింద కూర్చుని చదువుకునే హాలే నాకు. ఆ రోజు బ్యాగ్ బయట పెట్టి, రిజిస్టర్‌లో సంతకం చేసి, నేరుగా లైబ్రేరియన్ సార్ దగ్గరికి వెళ్ళాను.

"ఏటి కావాలమ్మా?" అన్నారు. ఫోన్ చూపించాను.

"నీ డేటా ఆపేసి మన వైఫై పెట్టు. ఇప్పుడు తెరువు."

అదే పేపర్. పట్టికలతో సహా మొత్తం తెరుచుకుంది. ఆ నిమిషం ఏడుపొచ్చినంత పనయింది.

సార్ కుర్చీ లాగి కూర్చోబెట్టి చెప్పారు. యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి వస్తే పబ్లిషర్ సైట్ మనల్ని గుర్తుపడుతుంది, సొంత డేటాతో వస్తే బయటివాళ్ళ కింద లెక్క. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది. 30 మంది పబ్లిషర్ల జర్నళ్ళు, సుమారు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ అందులో వస్తాయి. ఢిల్లీలో చదివేవాళ్ళకి ఏ పేపర్ తెరుచుకుంటుందో శ్రీకాకుళంలో నాకూ అదే తెరుచుకుంటుంది. ఇంటి నుంచి చదవాలంటే ఇన్‌ఫెడ్ లాగిన్, అంటే మనం ఈ యూనివర్సిటీ వాళ్ళమేనని బయటి నుంచి కూడా చూపించే ఖాతా, కావాలి. జాబితాలో నా పేరు స్పెల్లింగ్ తప్పు పడటంతో అది చేతికి రావడానికి నాలుగు రోజులు తిరిగాను. వచ్చాక మాత్రం సెలవులకి కవిటి వెళ్ళినప్పుడు మా అరుగు మీద కూర్చునే చదువుకున్నాను.

పుస్తకాల వెతుకులాట వేరే కథ. నేను కెమిస్ట్రీ రాకుల దగ్గరే తచ్చాడుతుంటే సార్ కేటలాగ్ కంప్యూటర్‌లో 'గ్రౌండ్ వాటర్' అని కొట్టించారు. పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో నీటి పరీక్ష చేసే రసాయనం 543 దగ్గర ఉంటే, భూగర్భ జలం 551.49 దగ్గర, తాగునీటి సరఫరా 628.1 దగ్గర, కిడ్నీ జబ్బులు 616.61 దగ్గర ఉన్నాయి. మా పెరటి బావి ఒక్కటే, దాని గురించిన పుస్తకాలు మాత్రం హాలు నాలుగు మూలలా. రెండేళ్ళుగా నేను ఒక్క మూలే చూశాను. రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వరు కాబట్టి వాటికోసం మధ్యాహ్నాలు అక్కడే ఉండిపోయేదాన్ని.

అసలు మేలు ఇంకోచోట జరిగింది. నా డ్రాఫ్ట్‌లో కాఠిన్యం పరిమితి లీటరుకి 300 మిల్లీగ్రాములు అని రాసి, మా పెరటి బావి 260 కాబట్టి పరిమితి లోపే ఉందన్నాను. సార్ ఆ పట్టిక చూసి, "ఈ 300 ఎక్కడిదమ్మా?" అన్నారు.

"సీనియర్ డిజర్టేషన్‌లో ఉంది సార్."

"ఆయనెక్కడ తీసుకున్నాడు?"

రాక్ నుంచి తీసి చూశాం. చివర్లో 'బీఐఎస్' (భారతీయ ప్రమాణాల సంస్థ) అని మాత్రమే ఉంది, సంవత్సరం లేదు. బీఐఎస్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ప్రమాణాలు ఉచితంగానే దించుకోవచ్చు. అక్కడే కూర్చుని ఐఎస్ 10500 దించాం. తాగునీటి ప్రమాణం అదే. 1991 నాటి దాంట్లో 300. 2012లో సవరించి 200 చేశారు. వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు, అది రెండింట్లోనూ ఒకటే. అంటే మా బావి నీళ్ళు 200 పరిమితి లోపల లేవు. దాటాయి. 200కీ 300కీ మధ్య ఉన్న మిగతా బావులూ అంతే. నీళ్ళు మారలేదు, నా టైట్రేషన్ తప్పలేదు. ఎవరో పాత అంకె రాశారు, వెనకొచ్చినవాళ్ళు చూసి రాసుకున్నారు, నేనూ రాసుకున్నాను. కాఠిన్యం వల్ల కిడ్నీలు పోతాయని నేను అనడం లేదు. కానీ ఊళ్ళో నీళ్ళు తాగేవాళ్ళకి 'లోపే ఉంది' అని చెప్పి ఉంటే ఆ మాట అబద్ధం అయ్యేది. ఆ రాత్రి పట్టికలో ప్రతి అంకెకీ మూలం వెతికి పక్కన సంవత్సరం రాశాను. ఫ్లోరైడ్ 1.0, నైట్రేట్ 45, అన్నీ.

మిగతా పనులు తొందరగానే అయ్యాయి. నీటి మీద పాత పీహెచ్‌డీ థీసిస్‌లు, దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దాచే శోధగంగలో పూర్తిగా దొరికాయి. ఎక్కడా దొరకని ఒక పాత పేపర్ కోసం సార్ ఇంకో లైబ్రరీకి మెయిల్ పెట్టి వారంలో తెప్పించారు. ప్లేజియరిజం చెక్, అంటే వేరేవాళ్ళ రాతతో ఎంత కలుస్తోందో చూడటం, కూడా లైబ్రరీలోనే చేశారు. యూజీసీ నిబంధన ప్రకారం 10 శాతం లోపు ఉండాలి, ఉంది.

నో డ్యూస్ ఫారం మీద సంతకం కోసం వెళ్ళినప్పుడు సార్ నా డిజర్టేషన్ ప్రతి ఒకటి అడిగి తీసుకున్నారు. అందులో పరిమితుల పట్టిక తీసి చూశారు. కింద 'ఐఎస్ 10500, 2012' అని ఉంది. సీనియర్ ప్రతి ఉన్న రాక్‌లోనే, దాని పక్కన పెట్టారు.