సాగర్ దారిలో చమురు లెక్కలు

నల్గొండలో సాగర్ బస్సెక్కి 1973 చమురు సంక్షోభం మీద పుస్తకం తెరిచాను. పక్క సీటు పెద్దాయన ఊరుకోలేదు. "ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అన్నాడు.

చెప్పాను. ఆ ఏడాది అక్టోబరులో ఇజ్రాయెల్‌తో జరిగిన యుద్ధంలో అరబ్ దేశాలు అమెరికాతో పాటు నెదర్లాండ్స్‌కూ చమురు ఆపేశాయి. అప్పటికి యూరోపియన్ ఆర్థిక సమాజంలో తొమ్మిది దేశాలు, అందరిదీ ఒకే మార్కెట్ అని రాసుకున్నవాళ్లే. తీరా ఒకరికి ఆపద వచ్చేసరికి ఫ్రాన్స్, బ్రిటన్ ఎవరి దారి వారు చూసుకున్నాయి. నెదర్లాండ్స్ డచ్చివాళ్లు తక్కువ తిన్నారా? మా గ్యాస్ మీకు అక్కర్లేదా అన్నట్టు ఓ మాట వదిలారు. చివరికి చమురు కంపెనీలే అరబ్బేతర చమురును నెదర్లాండ్స్ రేవు రోటర్‌డ్యామ్‌కు మళ్లించి, కొరతను అందరికీ సర్దాయి.

"గిది మా కాలువ ముచ్చటే గదా! పైనోళ్లు తూము మూయరు, కిందోళ్లు రాత్రిళ్లు కాపలా పోతరు. లస్కరు గట్టోడైతేనే చివరి మడికి నీళ్లు." లస్కరంటే కాలువ నీళ్లు చూసుకునే కాపలాదారు.

హాలియా దగ్గర ఎడమ కాలువ కనిపించింది. లైనింగ్ పగుళ్లలో గడ్డి, అడుగున నీటి మడుగులు, గట్టు మీది డీజిల్ ఇంజిన్ నుంచి లోపలికి దించిన పైపు. ఆయన అక్కడే దిగిపోయాడు.

1974 నవంబరులో పెట్టుకున్న అంతర్జాతీయ ఇంధన సంస్థ అలాంటి లస్కరే. సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా నిల్వ ఉంచాలి. సరఫరా 7 శాతం తగ్గితే పంచుకోవాలి. ఆఫీసేమో పారిస్‌లో, ఫ్రాన్స్ మాత్రం 1992 దాకా చేరనే లేదు!

సాగర్‌లో దిగువ వంతెన మీద నిలబడి గేట్లు చూశాను. మొత్తం 26. 2023 నవంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు వాటిలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు. తర్వాత కేంద్ర బలగాలు కాపలాకు దిగాయి. 2015లో తాత్కాలికమంటూ రాసుకున్న కృష్ణా నీళ్ల లెక్క, ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు, దాని మీద పేచీ ఆగలేదు. నాకైతే 1973 నాటి యూరప్ తీరు ఇక్కడే బాగా అర్థమైంది. కరువొచ్చాక పంపకాలకు కూర్చుంటే ఎవరూ తగ్గరు.

మన దేశం 2017లో ఆ ఇంధన సంస్థకు అనుబంధ దేశమైంది. 2021 నవంబరులో ధరలు మండినప్పుడు అమెరికా, జపాన్ లాంటి దేశాలతో మాట్లాడుకుని, మన వ్యూహాత్మక నిల్వల నుంచి 50 లక్షల బ్యారెళ్లు వదులుతామని ప్రకటించింది. ఆ నిల్వల్లో ఒకటి విశాఖలోనే ఉంది, 13.3 లక్షల టన్నులు పడుతుంది. పెద్దాయనకు ఈ సంగతి చెప్పేలోపే హాలియా వచ్చేసింది.