సగం తాగిన కాఫీ కప్పు

"ఆగు తమ్ముడూ, ఆ సంచి అప్పుడే కట్టకు" అంది నాతో పాటు ఆఫీసు శుభ్రం చేసే అక్క. నేను అప్పటికే ముడి వేసేశా.

విప్పి చూపించింది. ఆఫీసు వాళ్లు బుట్టలో వేసిన తెల్ల కాగితాల మధ్యలో ఎవరో సగం తాగిన కాఫీ కప్పు పడేశారు. మరక అడుగు దాకా పాకింది. అలా తడిసి ముద్దయిన కాగితం రీసైక్లింగ్‌కి పనికిరాదు, పక్కనున్న మంచి కాగితాన్నీ పాడుచేస్తుంది.

కప్పుని చింపి, గోటితో లోపల గీరింది. సన్నటి ప్లాస్టిక్ పొర పొట్టులా లేచింది. ఇన్నాళ్లూ ఈ కప్పుల్ని నేను కాగితాల సంచిలోనే వేస్తూ వచ్చా. సిగ్గేసింది, నిజంగా.

ఇద్దరం కింద కూర్చుని పొడి కాగితాలు వేరు చేశాం. పావుగంట పోయింది. ఇంకో అంతస్తు మిగిలే ఉందని నాకు టెన్షన్, అక్కకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

తర్వాత ఖాళీ క్లీనర్ డబ్బాలు. ఫ్లోర్ క్లీనర్ డబ్బా కడిగిన నీళ్లు అక్క పారబోయదు, తుడిచే బకెట్‌లోనే పోస్తుంది. బ్లీచ్ డబ్బానీ, టాయిలెట్ యాసిడ్ డబ్బానీ మాత్రం దగ్గరదగ్గర పెట్టనివ్వదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషపు గ్యాస్ వస్తుంది. అక్క గొంతు పెంచేది ఆ ఒక్క విషయంలోనే.

వెళ్తూ వెళ్తూ ఆ బుట్ట వైపు చూశా. "కాగితాలు మాత్రమే" అని ఇంత పెద్ద అక్షరాలతో రాసే ఉంది మరి!