లీజు వ్యానుకు లేచిన పొక్కులు
లీజుకు తీసుకున్న మా డెలివరీ వ్యాను పైకప్పు మీద పద్నాలుగో నెలలోనే, గోరు తగిలితే పెచ్చులుగా రాలిపోయేంతగా రంగు పొక్కులు లేచాయి. విశాఖ ఉప్పుగాలి వల్ల జరిగే నష్టం వారంటీలోకి రాదని డీలరు, బండి మీ పేరున లేదు కనుక క్లెయిము మీరు వేయలేరని లీజు సంస్థ నన్ను నెలల తరబడి తిప్పారు. కిస్తీ మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. చివరికి తెలిసిన పెయింటరు ఒకరు మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే, సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉండే కంపెనీ పూత అక్కడ 310 చూపింది. అంటే నాకు అప్పగించకముందే ఎవరో దానికి మళ్లీ రంగు వేశారన్నమాట! ఆ ఫోటో ఇద్దరికీ పంపాక, వారంటీ మాటే ఎత్తకుండా, "సుహృద్భావంతో" రంగు వేయిస్తామని డీలరు రాశాడు. గడువు ముగిసి బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఈ పైకప్పుకు నా దగ్గర వసూలు చేయబోమని రాసిమ్మని లీజు సంస్థను అడిగాను. జవాబు ఇంకా రాలేదు.